పూజ రోజు తెరుచుకున్న తలుపు

కాసిడీహ్, జంషెడ్‌పూర్
నవంబరు, ఆదివారం

ఫోను ఎత్తని మా ఆయనకి,

ఎంత కోపంలో ఉన్నా నువ్వు అన్నం మానవు కాబట్టి ఆరోగ్యం ఎలా ఉందని అడగను. ఫోను చేస్తే ఎత్తవు. మెసేజి పెడితే చదివినట్టు నీలం గీతలు పడతాయి గానీ జవాబు రాదు. అందుకని కాగితం మీద రాసి, ఇచ్ఛాపురంలో ఈశ్వరి వదిన పేర స్పీడు పోస్టు చేస్తున్నాను. ఉత్తరం నీ కంచం పక్కన పెట్టి, నువ్వు చదివేదాకా కూర వడ్డించనని వదిన నాకు మాటిచ్చింది. అక్క చేతి కూర వదులుకునేంత పౌరుషం నీకు లేదని ఇద్దరికీ తెలుసు.

నువ్వు ఇల్లు వదిలి వెళ్ళింది నా రిపోర్టు వల్లేనని నాకు తెలుసు. అత్తయ్యకి తెలియదు. అడిగిన వాళ్ళందరికీ "అక్కని సూసొత్తానని ఎల్లాడు, రేపో మాపో వచ్చెత్తాడు" అని చెబుతోంది. నీకు సస్పెన్షన్ అయిందని కూడా ఆవిడకి చెప్పలేదు, సెలవు పెట్టావని చెప్పాను. ఆవిడ ముందు నిన్ను "మీరు" అని గౌరవంగా అంటాను చూడు, అలాగే నటిస్తూ గడిపేస్తున్నాను. నా నటన ఎంత గొప్పదో నీకు తెలుసుగా.

జరిగింది నీకే చెప్పడమేమిటి అంటావు. నా వైపు నుంచి ఎలా జరిగిందో నువ్వెప్పుడూ వినలేదు. ఇప్పుడు విను.

ఆ రోజు బిష్టుపూర్ ఆఫీసులో నేను టిఫిన్ డబ్బా విప్పుతుంటే సూర్యప్రకాశ్ సార్ వచ్చి నిలబడ్డారు. మా చిన్న కంపెనీకి పెద్ద తలకాయ ఆయనే కదా. "అమ్మాయ్, మీ ఆయన ప్లాంటులో గ్యాసు వాల్వు గదిలో మనోజ్ అనే కాంట్రాక్టు ఫిట్టరు పడిపోయాడట. అనురాగ్ తలుపు బద్దలుకొట్టి లోపలికి పోయాడట. బయటికి తీసుకొచ్చాడు, ఇద్దరూ బతికే ఉన్నారు" అన్నారు. ఆ చివరి మాట ముందు చెప్పి ఉంటే నా చేతిలో డబ్బా కింద పడేది కాదు.

సాయంత్రం నువ్వు చేతికి కట్టుతో వచ్చావు. అత్తయ్య ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. పొరుగువాళ్ళు వచ్చి నిన్ను చూసి వెళ్ళారు. ప్లాంటు వాళ్ళు నీకు శాలువా కప్పుతారేమోనని నేను పిచ్చిగా ఏ చీర కట్టుకోవాలో కూడా ఆలోచించాను. వచ్చింది సస్పెన్షన్ కాగితం. అత్యవసర బొత్తాం నొక్కితే ఏ చీటీ అడగకుండా తలుపు తెరుచుకునే ఏర్పాటు ఉండగా, షిఫ్టు ఇంచార్జివై ఉండి ఆ బొత్తాం నొక్కలేదని అందులో రాశారు. ఇత్తడి పనిముట్లు తప్ప వాడకూడని గ్యాసు చోట ఇనప గునపంతో తలుపు పగలగొట్టావని, నిప్పురవ్వ లేచి ఉంటే ఆ విభాగమంతా పోయేదని రాశారు. నువ్వేమో బొత్తాం నొక్కాననీ, తెరుచుకోలేదనీ విచారణలో చెప్పావు.

ఆ తలుపుల సాఫ్ట్‌వేరు మా కంపెనీదే కాబట్టి, బొత్తాం పనిచేస్తుందో లేదో చెప్పమని విచారణ వాళ్ళు మమ్మల్నే అడిగారు. సార్ ఇంకొకరికి ఇవ్వబోతుంటే నేనే అడిగి తీసుకున్నాను. నువ్వు నొక్కానన్నావు, నేను తప్పు పట్టుకుంటాను, నీ మీద పడ్డ మాట తుడిచేస్తాను అనుకున్నాను. నేను నీ భార్యనని ప్లాంటు వాళ్ళకి తెలుసు. అయినా ఒప్పుకున్నారు. పెళ్ళామే మొగుడికి వ్యతిరేకంగా రాస్తే ఇంకెవరూ వేలెత్తరని అనుకున్నారేమో.

నా పని నీకెప్పుడూ వేళాకోళమే. "మీ జావా అంటే నలుగురు గుమాస్తాలు చీటీలు అందించుకోవడం" అంటావు. కొంత నిజమే. మా ప్రోగ్రాములో ఏ పని మొదలయ్యే ముందైనా ఒక కాపలావాడు నిలబడి ప్రశ్న అడుగుతాడు. ఇంటర్‌సెప్టర్ అంటాం. వాల్వు గది తలుపు తెరవమంటే, "ఇంచార్జి సంతకం ఉందా" అని వాడు అడుగుతాడు. లేదంటే పని ముందుకి సాగదు. లోపల ప్రాణం పోతుంటే సంతకాలు అడగడం బాగుండదు కాబట్టి, అత్యవసర దారికి మాత్రం "ఇక్కడ కాపలావాడు అడ్డుపడకూడదు" అని ఒక మినహాయింపు వాక్యం రాస్తాం. అది సార్ తన చేత్తో రాశారు. నేను వెతికాను, ఉండాల్సిన చోటే ఉంది.

మా ఆఫీసు మిషను మీద అత్యవసర బొత్తాం నొక్కాను. తెరుచుకుంది. సంతకం లేకుండా నొక్కాను, తెరుచుకుంది. మనిషి పేరు తప్పు కొట్టి నొక్కినా తెరుచుకుంది. ఒక్కసారైనా మొరాయించమని దేవుడికి దండం పెట్టుకుని మరీ నొక్కాను. నొక్కిన ప్రతిసారీ రికార్డులో "అత్యవసర ప్రవేశం" అని విడిగా ఒక వరస పడుతోంది. ప్రమాదం జరిగిన రోజు ప్లాంటు రికార్డులో ఆ వరస లేదు. "గ్యాసు పరీక్ష లేదు, ప్రవేశం నిరాకరించబడింది" అన్న మామూలు వరసలే ఉన్నాయి. అంటే ఎవరో మామూలు బొత్తామే నొక్కారు. ఆ సమయంలో అక్కడ నిలబడింది నువ్వు.

ఇంటికొచ్చి నిన్ను అడిగాను గుర్తుందా? నిజంగా నొక్కావా అని. "నువ్వు కూడా అడుగుతున్నావా" అని కంచం తోసేసి లేచిపోయావు. నువ్వు అన్నం ముందునుంచి లేవడం నేను ఎప్పుడూ చూడలేదు. నేను తప్పు చేస్తున్నానని ఆ క్షణమే అనిపించింది. కానీ ఏం రాయను? మిషను ఒకటి చెబుతుంటే నేను ఇంకొకటి రాస్తే, రేపు నా మాట ఎవరు నమ్ముతారు? ఉన్నదున్నట్టు రాసిచ్చాను. బొత్తాం పనిచేస్తోంది, ఆ రోజు ఎవరూ దాన్ని నొక్కిన దాఖలా లేదు అని.

ఇంతవరకూ నీకు తెలిసిందే. తెలియనిది ఒకటుంది. ఆ రిపోర్టు రాస్తున్నప్పుడు, "ఇతనంతే, తొందరపాటు మనిషి, చెయ్యి ముందు, బుర్ర తరవాత" అనుకున్నాను. గ్యాసు సిలిండరు రెగ్యులేటరు విరగ్గొట్టింది గుర్తొచ్చింది. స్కూటరు సైడు స్టాండు ఎత్తకుండా నడిపి పడింది గుర్తొచ్చింది. అంటే మిషను చెప్పినందుకే కాదు, నా అంతట నేనే నిన్ను నమ్మడం మానేశాను, అనురాగ్. ఇది నీ ముఖం మీద చెప్పలేను. అందుకే నువ్వు ఫోను ఎత్తకపోతే ఒకవైపు ఏడుపొస్తుంది, ఒకవైపు ఊపిరి పీల్చుకుంటాను.

మొన్న మనోజ్ తల్లి పోలమ్మ సీతారాండేరా నుంచి నడిచి వచ్చింది. కొబ్బరికాయ, రవికల గుడ్డ, పసుపూ కుంకుమా తెచ్చింది. నన్ను పీట మీద కూర్చోబెట్టి బొట్టు పెట్టి, "నా కొడుకు పేణం అట్టుకొచ్చి నా సేతిలో ఎట్టాడమ్మా మీ బాబు. నీ పుసుపూ కుంకం సల్లగుండాల" అంది. మనోజ్ లేచి కూర్చున్నాడట, గంజి తాగుతున్నాడట. "బాబేడమ్మా" అని ఇల్లంతా చూసింది. ఊరెళ్ళాడన్నాను. ఆవిడ కాళ్ళకి దండం పెట్టాల్సింది నేను, ఆవిడేమో నా కాళ్ళకి పసుపు రాసింది.

రిపోర్టు వెనక్కి తీసుకోలేను. నీ మాటకి సాక్ష్యం తేలేను. అత్తయ్యకి చెప్పలేను. నాకేమీ తోచడం లేదు. తిట్టడానికైనా ఒక్కసారి మాట్లాడు.

నీ
సాహిత్య

---

కాసిడీహ్
నవంబరు, గురువారం

కంచం ముందు కూర్చుని ఇది చదువుతున్న అనురాగ్‌కి,

జవాబు రాయలేదు. సరే. ఇది చదివాక రాయకుండా ఉండలేవు. కూర చల్లారిపోయినా పరవాలేదు, చివరిదాకా చదువు.

నువ్వు చెప్పిందే నిజం కావడానికి దారి దొరికింది. దొరికింది నా తెలివి వల్ల కాదు. మీ అమ్మ వల్ల.

అత్తయ్యకి విషయం తెలిసిపోయింది. పోలమ్మ మళ్ళీ వచ్చి, "బాబు కొలువు ఊడిపోనాదట కదా" అని గుమ్మంలోనే ఏడ్చింది. ఇంక దాచడానికి ఏముంది, కూర్చోబెట్టి మొత్తం చెప్పాను, నా రిపోర్టుతో సహా. కొంగు చెవుల వెనక్కి దోపుకుని విన్నది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. తరవాత బియ్యం ఏరుకుంటూ, తనలో తను అనుకున్నట్టుగా అంది:

"ఏటో ఆ తలుపులు. బిస్వకర్మ పూజ నాడు నాను ఎల్లినాను కదేటి. పెద్ద గేటు కాడ్నించి లడ్డూలెట్టిన కాడి దాకా నన్నెవుడూ ఆపనేదు, ఏటీ అడగనేదు. ముసిల్దాన్ని, తిన్నగా నడిసెల్పోయినాను. ఇప్పుడు మనిసి పేణం పోతంటే మటుకు సీటీ సూపించమందా?"

నేను వంటింట్లోంచి వచ్చి, మళ్ళీ చెప్పండి అత్తయ్యా అన్నాను. ఆవిడకి నేను వెక్కిరిస్తున్నానేమోనని అనుమానం వచ్చింది. "ఏటి సెప్పాల, లడ్డూ సంగతా?" అంది.

నీకు గుర్తుందా ఆ రోజు? ప్లాంటు ఆపేసి, మిషన్లకి బంతిపూల దండలేసి, కొత్త చీరలతో ఇళ్ళవాళ్ళందరూ లోపలికి వచ్చారు. అత్తయ్యకి గేటుపాసు లేదు, సేఫ్టీ క్లాసు లేదు, గ్యాసు పరీక్ష చీటీ లేదు. మామూలు రోజు ఆవిడ మొదటి గేటు కూడా దాటలేదు. ఆ రోజు గ్యాసు లైను మూసేసి, కుటుంబాలు తిరగాలి కాబట్టి అన్ని తలుపుల దగ్గరా ప్రశ్నలు ఆపేయమని ప్లాంటు వాళ్ళే సార్‌ని అడుగుతారు. ఏటా అలవాటే. మన ఊళ్ళో కొత్తదేదైనా ఆ పూజ నాడే కదా బోణీ. అత్యవసర బొత్తాన్ని కూడా ఆ రోజే, పెద్ద సాహెబుల ముందు, కొబ్బరికాయ కొట్టి నొక్కి చూపించారు. నువ్వే నిలబడి అందరికీ నేర్పించావు. తలుపు తెరుచుకుంది. చప్పట్లు కొట్టారు. పాసయిందని సంతకాలయ్యాయి. ఆ నాటి కాపీనే "ప్లాంటు వాళ్ళు ఒప్పుకున్న కాపీ" అని సార్ మా ఆఫీసు మిషనులో పెట్టారు. నేను పరీక్ష చేసింది దాని మీదే.

కాపలావాడు ఒకడే అని నీకు రాశాను. ఇద్దరున్నారు. ఒకడు ఆ గది తలుపు దగ్గరే ఉండేవాడు, సంతకం అడిగేవాడు. ఇంకొకడు ప్లాంటు మొత్తానికీ ఉమ్మడివాడు, ఏ తలుపైనా సరే ముందు వాడే "గ్యాసు పరీక్ష ఉందా" అని అడుగుతాడు. వాడి పేరు ప్రోగ్రాములో కనిపించదు, పక్కనుండే వేరే ఫైలులో ఉంటుంది. మినహాయింపులు కూడా రెండు వేరువేరు. తలుపు దగ్గరి వాణ్ని తప్పుకోమనే వాక్యం రాస్తే ఉమ్మడివాడు తప్పుకోడు, వాడికి విడిగా ఇంకో వాక్యం రాయాలి. సార్ మొదటిదే రాశారు. పూజ రోజు ఉమ్మడివాణ్ని అసలు డ్యూటీలోనే ఉంచలేదు కాబట్టి, ఆ ఒక్క వాక్యంతోనే తలుపు తెరుచుకుంది. మర్నాడు ప్లాంటులో వాణ్ని మళ్ళీ నిలబెట్టారు. బొత్తాన్ని మళ్ళీ ఎవరూ నొక్కి చూడలేదు.

ఆఫీసుకి పోయి ఆ ఫైలు తెరిచాను. ఉమ్మడి కాపలావాడి వరసలు ఉన్నాయి, కానీ పని చెయ్యకుండా మూసి పెట్టి ఉన్నాయి. ఆ మూత తీసి, నడిపించి, అత్యవసర బొత్తాం నొక్కాను. ఎర్రగా వచ్చింది. "గ్యాసు పరీక్ష లేదు, ప్రవేశం నిరాకరించబడింది." సరిగ్గా ఆ రోజు రికార్డులో ఉన్న మాటలే. "అత్యవసర ప్రవేశం" అన్న వరస పడనే లేదు, ఎందుకంటే అక్కడిదాకా పని వెళ్ళనే లేదు. ఏ బొత్తాం నొక్కినా రికార్డు ఒకేలా పడుతుంది. ఆ రికార్డు పట్టుకుని నిన్ను అబద్ధాలకోరని రాసిచ్చాను నేను. కుర్చీలో కూర్చుని ఏడ్చాను. పక్క సీటు వాళ్ళు తలనొప్పా అని అడిగితే ఔనన్నాను.

ప్లాంటు కంప్యూటర్లు చూసే నీ స్నేహితుడు సిద్ధార్థ్‌కి ఫోను చేశాను, ఉమ్మడి కాపలావాడు అక్కడ నిజంగా డ్యూటీలో ఉన్నాడా చూసి ఆ ఫైలు పంపమని. "భాభీ, ఫైల్ నహీ దే సక్తా, నౌకరీ చలీ జాయేగీ" అన్నాడు, ఫైలు ఇస్తే ఉద్యోగం పోతుందట. కాసేపటికి వాడే ఫోను చేసి, "లైన్ చాలూ హై. బస్, ఇత్నా హీ" అని పెట్టేశాడు. అక్కడ ఆ వరస పనిచేస్తూనే ఉందన్నమాట, అది చాలు నాకు.

సార్ దగ్గరికి వెళ్ళాను. అంతా విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు.

"పూజ రోజు అందరి ముందూ తెరుచుకుంది కదమ్మా" అన్నారు.

"తెరుచుకుంది సార్. ఆ రోజు అన్నీ తెరుచుకున్నాయి."

"ఇది బయటికి పోతే ప్లాంటు వాళ్ళు మనల్ని ఉంచరు. పది ఇళ్ళు నడుస్తున్నాయి దీని మీద."

"మా ఇల్లు కూడా సార్."

కళ్ళజోడు బల్ల మీద పెట్టేశారు. చివరికి, "పంపించు. కానీ నాకు చెప్పకుండా పంపించావని నేను అనుకుంటాను" అన్నారు. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. నాకు ఈ పని అక్షరం అక్షరం నేర్పిన మనిషి.

పంపించాను. నా మొదటి రిపోర్టు తప్పు, ఆ రోజు అత్యవసర బొత్తాం నొక్కినా తలుపు తెరుచుకునేది కాదు, నా భర్త నొక్కానని చెప్పిన మాట నిజం అని రాశాను. ఆ చివరి ముక్క రెండోసారి ఆలోచించకుండా రాశాను.

ఆ రెండో మినహాయింపు వాక్యం చేర్చడం ఒక్క నిమిషం పని. చేర్చనివ్వడం లేదు. విచారణ ముగిసేదాకా సాఫ్ట్‌వేరు ముట్టుకోకూడదట. ఈ లోపల ఆ గదిలోకి ఫిట్టర్లు వెళ్తూనే ఉన్నారు, గోడ మీద బొత్తాం ఉంది, అది తెరుచుకోదని నాకు తెలుసు. అంతవరకూ తలుపు తాళం తీసి ఒక మనిషిని కూర్చోబెట్టండని బతిమాలాను. పెడతామన్నారు. పెట్టారో లేదో వెళ్ళి చూసే హక్కు కూడా నాకు లేదు. రోజూ ప్లాంటు సైరను మోగినప్పుడల్లా వీధిలోకి పోయి నిలబడుతున్నాను. ఇంత తెలిసి ఏమీ చెయ్యలేకపోవడం కన్నా తెలియకపోవడమే నయమేమో.

నన్ను క్షమించమని అడగడానికి మొహం చెల్లడం లేదు. అయినా అడుగుతున్నాను. నిన్ను అడగాల్సింది కాదు, నమ్మాల్సింది. అత్తయ్య రోజూ నీ కంచం కడిగి మళ్ళీ అక్కడే పెడుతోంది. వచ్చెయ్యి.

నీ
సాహిత్య

---

ఇచ్ఛాపురం
నవంబరు, బుధవారం

ప్రియమైన సాహిత్యా,

నా తెలుగు రాత నీకు తెలుసు. బళ్ళో హిందీ, ఇంట్లో తెలుగు, ప్లాంటులో రెండూ కాని భాష. అక్క రాసిపెడతానంది. వద్దన్నాను. ఇది అక్క చేత రాయించే ఉత్తరం కాదు. రెండు కాగితాలు చింపి ఇది మొదలుపెట్టాను.

నీ రెండు ఉత్తరాలూ చాలాసార్లు చదివాను. నిన్న సిద్ధార్థ్ ఫోను చేశాడు. సస్పెన్షన్ తీసేశారట. సోమవారం డ్యూటీకి రమ్మన్నారు. "భాభీ నే బచా లియా తుఝే" అన్నాడు, నన్ను కాపాడింది నువ్వేనని. అక్క చక్కెరపొంగలి చేసింది. బావ బజారుకెళ్ళి స్వీట్లు తెచ్చి వీధంతా పంచాడు. నేను తినలేకపోయాను. నేను అన్నం మాననని రాశావు. ఈసారి మానేశాను.

సాహిత్యా, నేను ఆ బొత్తాం నొక్కలేదు.

అద్దంలోంచి మనోజ్ కాలు కనిపించింది. మడమ నేలకేసి కొట్టుకుంటోంది. నా చెయ్యి రోజూ ఎటు పోతుందో అటే పోయింది, మామూలు ఆకుపచ్చ బొత్తాం మీదికి. ఎర్రగా వచ్చింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ ఎర్రగానే. అత్యవసర బొత్తాం పక్కనే, మూత కింద ఉంది. మూత ఎత్తాలి, నా నంబరు కొట్టాలి, అప్పుడు నొక్కాలి. ఆ పూజ రోజు నేనే దండలేసిన మిషను పక్కన నిలబడి అందరికీ నేర్పించాను. ఆ క్షణంలో అలాంటిదొకటి ఉందనే నాకు గుర్తు రాలేదు. గోడకి ఆనించి ఉన్న గునపం కనిపించింది. ఇత్తడిదా ఇనపదా అని చూడలేదు. మాస్కు తగిలించుకున్నాను, తలుపు పగలగొట్టాను, వెళ్ళాను. అంతే.

విచారణలో పెద్దాయన, "ఎమర్జెన్సీ తో దబాయా థా న?" అని, అత్యవసర బొత్తాం నొక్కావు కదా అన్నట్టు అడిగాడు. ఆయనకి నా మీద అభిమానం ఉంది, నాకు దారి చూపిస్తున్నట్టే అడిగాడు. నేను అవునన్నట్టు "జీ" అన్నాను. ఒక్క మాట. అందరికీ నేర్పించిన వాణ్ని, నాకే గుర్తు రాలేదని పదిమంది ముందు ఎలా చెప్పను అనిపించింది. బయటికి వచ్చి చెప్పేద్దామనుకున్నాను. ఇంటికొచ్చేసరికి అమ్మ దిష్టి తీసిన మిరపకాయల ఘాటు ఇంకా ముక్కుకి తగులుతున్నట్టే ఉంది, నువ్వు నన్ను వీరుణ్ని చూసినట్టు చూస్తున్నావు. చెప్పలేకపోయాను.

తరవాత నువ్వు అడిగావు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు కంచం తోసి లేచాను. నువ్వు నన్ను నమ్మలేదని నాకు కోపం రాలేదు. నువ్వు సరిగ్గా పట్టుకున్నావని భయం వేసింది. నీ రిపోర్టు చూసి ఇల్లు వదిలిపెట్టాను గదా, అలిగి కాదు. నిజం రాసిన మనిషి ఎదురుగా కూర్చుని అన్నం తినలేక. నువ్వు ఫోను చేసిన ప్రతిసారీ పేరు చూస్తూ కూర్చునేవాణ్ని.

నువ్వు కష్టపడి తప్పు కనిపెట్టావు. ఆ తప్పు నిజమైనదే. నేను నొక్కి ఉన్నా ఆ తలుపు తెరుచుకునేది కాదు. కానీ దాని వల్ల నా అబద్ధానికి గోడ కట్టినట్టయింది. రెండు బొత్తాలకీ రికార్డు ఒకటే కాబట్టి, నేను నొక్కలేదని ఇంక ఏ మిషనూ చెప్పలేదు. నువ్వు కూడా చెప్పలేవు. నేను నోరు మూసుకుంటే జీవితాంతం మంచివాణ్నే. నువ్వు మాత్రం నీ సార్ దగ్గర చెడ్డదానివై, నా కాళ్ళ దగ్గర తప్పు ఒప్పుకుంటూ బతుకుతావు. మీ సార్ ఆఫీసులో తలెత్తుకోలేడు. ఇది అనుకున్నప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇంకొకటి ఉంది. నేను నొక్కానని నమ్మితే వాళ్ళు నువ్వు చెప్పిన ఆ వాక్యం చేర్చి, ఫైలు మూసేస్తారు. మనిషి చావుబతుకుల్లో ఉన్నప్పుడు చెయ్యి మూత ఎత్తదు, నంబరు కొట్టదు. నేర్పించినవాడి చెయ్యే ఎత్తలేదు. ఆ మాట నేను చెబితే తప్ప వాళ్ళకి తెలియదు. ఆ బొత్తాం మూత తీసేసి, పెద్దదిగా, చెయ్యి తగిలే చోట పెట్టాలి. నాకు రాత్రింబవళ్ళు మనోజ్ మడమే కనిపిస్తోంది. తరవాత అక్కడ పడేవాడికి నా లాంటి తొందరపాటు మనిషి, పక్కన గునపం, రెండూ దొరుకుతాయని ఏముంది?

అందుకని ఆదివారం బండికి బయలుదేరుతున్నాను. సోమవారం డ్యూటీలో చేరకముందే విచారణ పెద్దాయన గదికి వెళ్ళి, నేను నొక్కలేదని చెబుతాను. అబద్ధం చెప్పినందుకు తీసేస్తే తీసేస్తారు. బహుశా తీసేస్తారు. ఇల్లు గడవడం గురించి ఆలోచిస్తే ధైర్యం చాలడం లేదు, అందుకే ఆలోచించడం మానేశాను. నీ రెండో రిపోర్టులో చివరి వాక్యం ఒక్కటే తప్పు, మిగతాదంతా నిజమని వాళ్ళకి నేనే చెబుతాను. నువ్వు మళ్ళీ ఇంకో రిపోర్టు రాయాల్సిన పని లేకుండా చూస్తాను.

నన్ను క్షమించమని నువ్వు రాసిన చోట కాగితం తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి. ఆ తడి చూసి కూడా నేను నాలుగు రోజులు ఊరుకున్నాను. నాకు నీ క్షమాపణ వద్దు. నన్ను క్షమించమని ఇప్పుడే అడగను, నీకు కోపం రావాలి ముందు. నువ్వు తిడితే నాకు కాస్త తెరిపిగా ఉంటుంది.

అమ్మకి ఏమీ చెప్పకు. పదిమందికీ నా గురించి గొప్పగా చెప్పుకుంది, ఇది నా నోటితోనే వినాలి. సోమవారం సాయంత్రం నేను చెప్పేటప్పుడు నువ్వు ఆవిడ పక్కన కూర్చో. నా పక్కన వద్దు.

అనురాగ్